మిర్చి సీజనూ ఫీజు క్యాలెండరూ: గుంటూరులో ఒక ప్రైవేటు బడి కేసు

చిన్న ప్రైవేటు బడుల లెక్కలు, ఫీజు పద్ధతి, సిబ్బంది వ్యవహారాలు చూసి సలహా చెప్పడం నా పని. ఇది గుంటూరులో ఒక బడి సంగతి. పేరు, పేట, మనుషుల గుర్తులు తీసేశాను. అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చాను గానీ నిష్పత్తులు చెడకుండా చూశాను. యాజమాన్యం ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

1990ల్లో భార్యాభర్తలు కలిసి పెట్టిన బడి. ఆయన లెక్కల మాస్టారు, ఆవిడ హెడ్మిస్ట్రెస్. నర్సరీ నుంచి పదో తరగతి దాకా, ఇంగ్లీషు మీడియం, స్టేట్ సిలబస్. సొసైటీ పేరు మీద నడుస్తుంది. సొంత బిల్డింగే, కానీ దాని మీద బ్యాంకు లోను ఉంది. నాలుగు బస్సులు. మాస్టారు పోయాక హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి కొడుకు వచ్చి బడి వ్యవహారాలన్నీ చూసే కరస్పాండెంట్‌గా కూర్చున్నాడు. ఒకప్పుడు 780 మంది పిల్లలుండేవారట. 2022-23లో నేను వెళ్లేసరికి 520 మంది ఉన్నారు.

ఇందులో కొంత కాలం చేసింది. 2020-21లో ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ప్రభుత్వం చెప్పింది. 2021 ఆగస్టులో జీవో 53 వచ్చి కార్పొరేషన్ పరిధిలో ప్రైమరీకి 12 వేలు, హైస్కూలుకు 18 వేలు అని గీత గీసింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ అయోమయంలో హెడ్మిస్ట్రెస్ మేడమ్ గారు మూడేళ్లు ఫీజు ముట్టుకోలేదు. మరోపక్క నాడు-నేడుతో సర్కారు బడుల రూపు మారింది, కొందరు పిల్లలు అటు వెళ్లారు. ఆరో తరగతి వచ్చేసరికి పెద్ద పెద్ద క్యాంపస్‌ల వాళ్లు ఇంకొందరిని పట్టుకుపోతున్నారు.

2022-23 లెక్క ఇది. బోర్డు మీద రాసిన ఫీజు ప్రకారం రావలసింది 109 లక్షలు. కన్సెషన్లు 17 లక్షలు పోను 92. ఏప్రిల్ ఆఖరుకు చేతికొచ్చింది 76. బస్సు ఫీజు ఇంకో 11. మొత్తం 87 లక్షలు. ఖర్చు చూస్తే జీతాలు 47, పీఎఫ్ వగైరా 4, బస్సులు 14, బ్యాంకు వాయిదాలు 9, మిగతావన్నీ కలిపి 14. అంటే 88. టీచర్లకు మే నెల జీతం ఇవ్వకుండానే ఈ లెక్క.

ఏమడిగారు

"అడ్మిషన్లు రావట్లేదు సార్, మార్కెటింగ్ ఎలా చెయ్యాలో చెప్పండి" అని కరస్పాండెంట్ అడిగాడు. మనసులో మూడు ఆలోచనలు పెట్టుకున్నాడు: సీబీఎస్‌ఈకి మారడం, ఐఐటీ ఫౌండేషన్ పెట్టడం, పైన జూనియర్ కాలేజీ కట్టడం. మూడూ ముందు డబ్బు పోస్తే తర్వాత ఎప్పుడో వచ్చేవే. మే జీతం ఇవ్వలేని బడి ఇంకో లోను నెత్తికెత్తుకోవడం నాకు నచ్చలేదు. ముందు పాత పుస్తకాలు చూపించమన్నాను.

మార్కెటింగ్ అప్పటికే ఒకసారి చేసి ఉన్నారు. 2022 వేసవిలో టీచర్లకు తలా పది అడ్మిషన్ల టార్గెట్ పెట్టి ఇల్లిల్లూ తిప్పారు. ఒక్కో అడ్మిషన్‌కు 2 వేల కమిషన్. చేరిన పిల్లాడికి 4 వేల విలువైన పుస్తకాలు, యూనిఫాం ఉచితం. దాని పైన సగటున 5 వేల ఫీజు తగ్గింపు. ఫ్లెక్సీలకు, మైకు ఆటోకు ఇంకో లక్ష. 64 మంది చేరారు, అందరూ సంతోషించారు. మరుసటి జూన్‌కు ఆ 64లో 27 మంది లేరు. అన్నీ కలిపితే ఖర్చు 8 లక్షలు. నిలిచిన 37 మందికి పంచితే తలకు 21 వేల పైమాటే. ఆ బడి సగటు ఫీజు ఏడాదికి 21 వేలు! టార్గెట్ అందుకోలేక జీతంలో కోత పడిన టీచర్లలో నలుగురు ఏడాది మధ్యలో మానేశారు. అందులో ఇద్దరు లెక్కల వాళ్లు. దీని దెబ్బ తర్వాత తెలిసింది.

రెండు పుస్తకాలు

నేను ముందు పట్టుకున్నది ఫీజు రిజిస్టరు. 520 మంది పిల్లలకు 190కి పైగా వేర్వేరు ఫీజులు ఉన్నాయి. ఒకే తరగతి, ఒకే బెంచీ, ఒకడికి 21 వేలు, పక్కవాడికి 13,500. పేరు పక్కన పెన్సిల్‌తో రాతలు: "మామయ్య చెప్పారు", "కార్పొరేటర్ గారి మనిషి", "పాలవాళ్ల అబ్బాయి, సర్దాలి", ఒకచోట "బాగా బతిమాలింది". కన్సెషన్ ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఇక్కడ గట్టిగా బేరం ఆడినవాడికి ఫీజు తగ్గింది, ఎల్కేజీ నుంచి మాట్లాడకుండా కడుతున్నవాడికి తగ్గలేదు. బస్టాపులో నిలబడ్డ తల్లులకు ఇదంతా తెలుసు. ఆఫీసులోనే తెలియదు.

రెండోది టీసీ రిజిస్టరు. ఏ తరగతి నుంచి, ఏ నెలలో, ఎందుకు వెళ్లారో మూడేళ్లది చూశాను. కారణం కాలమ్‌లో అందరికీ "తల్లిదండ్రుల కోరిక మేరకు" అనే ఉంటుంది, అది దేనికీ పనికిరాదు. తరగతులు మాత్రం పనికొచ్చాయి. ఐదు నుంచి ఆరుకు వెళ్లేటప్పుడే ఎక్కువ మంది జారిపోతున్నారు. 2022-23లో ఐదో తరగతిలో 52 మంది ఉంటే 19 మంది ఆరులో చేరలేదు.

ఆ 19 ఇళ్లకు ఫోన్లు చేశాం. బడివాళ్ల చేత చేయించలేదు. వాళ్లు చేస్తే బాకీ కోసమనుకుని ఎవరూ ఎత్తరు. ఫీజు ఎక్కువని చెప్పినవాళ్లు తక్కువ. "ఒక్క ఏడాదిలో ముగ్గురు లెక్కల సార్లు మారారండీ, మా పిల్లాడికి భిన్నాలు ఇప్పటికీ రావు" అని ఒకామె అంది. మిగతావాళ్లలో చాలామంది ముందు నసిగారు, తర్వాత అసలు సంగతి చెప్పారు. 19 మందిలో 11 మందికి ఏప్రిల్ నాటికి బాకీ ఉంది. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను: "జూన్‌లో మా దగ్గర ఏముంటది సార్? సరుకు రావాలి, కాటా పడాలి, అప్పుడు గదా. అందరి ముందు అడుగుతుంటే మా ఆవిడ బడి వైపు రావడమే మానేసింది."

కేసు అసలు రూపు ఇక్కడ బయటపడింది. వసూలు కాని డబ్బు ఒక సమస్య, వెళ్లిపోతున్న పిల్లలు ఇంకో సమస్య అని బడివాళ్లు రెండు ఫైళ్లు పెట్టుకున్నారు. రెండూ ఒకటే. బాకీ పడ్డ తల్లి పేరెంట్స్ మీటింగుకు రాదు. రాకపోతే పిల్లాడు లెక్కల్లో వెనకబడ్డాడని ఆమెకు ఎవరూ చెప్పరు. ఏప్రిల్‌లో మొత్తం బాకీ ఒకేసారి కళ్లముందుకొస్తుంది. అది కట్టడం కంటే బడి మార్చడం తేలిక.

టీసీ ఆపి వసూలు చేద్దామన్న పాత అలవాటు కూడా ఇప్పుడు పనిచేయదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం సర్కారు, ఎయిడెడ్ బడికి మారే పిల్లాడికి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యమైనా అవతలి బడి చేర్చుకోకుండా ఉండకూడదు. పదో తరగతి హాల్ టికెట్ ఆపడమూ కుదరదు: 2025 నుంచి అవి ప్రభుత్వ వాట్సాప్ సేవ మనమిత్రలోనే దిగుతున్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, పరీక్ష రోజు గేటు బయట నిలబెట్టిన పిల్లాడి తమ్ముణ్ణి ఆ ఇల్లు మళ్లీ ఆ బడికి పంపదు.

పనిచేయనివి

ఫైన్. రోజుకు 10 రూపాయలు పెడితే దారికొస్తారని కరస్పాండెంట్ పట్టుబట్టి 2023 జూలైలో మొదలుపెట్టాడు. టైముకు కట్టేవాళ్లు ఎలాగూ కట్టారు. ఆలస్యంగానైనా తెచ్చే వాళ్లు ఫైన్ భయానికి ముఖం చాటేశారు. వచ్చినవాళ్లు ఫైన్ మాఫీ చేయమని అకౌంటెంట్ దగ్గర గంటల తరబడి కూర్చున్నారు. దసరా సెలవులకు ముందే ఎత్తేశారు.

ఫౌండేషన్ కోర్సు. ఒక సంస్థ నుంచి మెటీరియల్ తెప్పించి పిల్లాడికి 4,500 చొప్పున అదనంగా వసూలు చేశారు. ఐఐటీ కావాలనుకున్న ఇళ్లు ఎలాగూ పెద్ద క్యాంపస్‌కే పోయాయి. అక్కర్లేని ఇళ్లు అదనపు ఫీజు చూసి గొణిగాయి. ఒక్క ఏడాదితో ఆపేశారు.

ఆదివారాలు బడి ఆవరణను ఫంక్షన్లకు అద్దెకిద్దామన్న మాట కూడా వచ్చింది. పిల్లల చదువు మీద జీఎస్టీ ఉండదు, అద్దె మీద వేరే లెక్క. సొసైటీ ఆడిటర్ వద్దన్నాడు. ఆ వెయ్యీ రెండు వేల కోసం సోమవారం పొద్దున్నే విస్తరాకులు ఏరించడం నాకూ నచ్చలేదు.

ముందు జీతాలు

నా మొదటి సలహా మేడమ్ గారికి రుచించలేదు. టార్గెట్లు ఎత్తేయండి, టీచర్లకు మే నెల జీతం కూడా ఇవ్వండి, నాలుగు నుంచి ఏడో తరగతి దాకా లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు చెప్పే ఆరుగురికి నెలకు 2,500 పెంచండి అన్నాను. "కరెంటు బిల్లుకు తడుముకుంటుంటే జీతాలు పెంచమంటారేంటండీ?" అన్నారావిడ.

కాగితం మీద వేసి చూపించాను. 26 మంది టీచర్లకు మే జీతం 3.3 లక్షలు, ఆరుగురి పెంపు 1.8 లక్షలు, కలిపి 5.1. కమిషన్లు, ఉచిత పుస్తకాలు, ఫ్లెక్సీలు ఆపేస్తే మిగిలేది 4.8. కన్సెషన్లు 17 నుంచి 13 లక్షలకు తగ్గిస్తే ఇంకో 4. కొత్తగా రూపాయి అప్పు లేదు. ఇక రాబడి వైపు: ఆరో తరగతిలో నిలిచిన పిల్లాడు పదో తరగతి దాకా ఐదేళ్లు ఉంటాడు. ఏడాదికి 24 వేలు వేసుకున్నా 1.2 లక్షలు. వాడి కోసం కొత్త సెక్షను, కొత్త టీచరు, కొత్త గది ఏదీ అక్కర్లేదు. ఏటా ఐదుగురిని ఎక్కువ నిలుపుకుంటే చాలు, ఐదో ఏటికి వాళ్ల ఫీజే ఏడాదికి 6 లక్షలై, పెట్టిన ఖర్చును దాటుతుంది.

ఇంకో కాగితం కూడా ముందు పెట్టాను. 1994 నాటి జీవో 1 ఫీజు డబ్బును ఇలా విడదీస్తుంది: 50 శాతం జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి, 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి, 5 యాజమాన్యానికి. సిబ్బంది వాటా 65 శాతం కావాలి. ఈ బడిలో 59 కూడా దాటలేదు. నిర్వహణ వైపు ఏం తగ్గించాలో చూడమంటే బస్సులు కనిపించాయి. పదిహేనేళ్లు నిండబోతున్న ఒక బస్సు పొద్దున్నే ఊరి బయట 22 కిలోమీటర్లు తిరిగి 11 మందిని తెస్తోంది. పక్క రూటుతో కలిపి దాన్ని అమ్మేశారు. వచ్చిన మూడున్నర లక్షలు ఖర్చులకు వాడకుండా డిపాజిట్ చేయించాను. ఆ డబ్బు అవసరం తర్వాత వచ్చింది.

ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లలో 16 మంది, 18 మంది ఉన్నారు. రెండూ కలిపితే 34. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలన్న చట్టం కొలత దాటలేదు. మిగిలిన టీచరును తీసేయకుండా వెనకబడ్డ పిల్లలకు లెక్కలు చెప్పడానికి పెట్టారు.

ఒకే ఫీజు, మూడు క్యాలెండర్లు

తల్లిదండ్రులందరినీ పిలిచి తరగతివారీ ఫీజు గోడకు అంటించారు. ఏటా 6 శాతం పెరుగుతుందని మూడేళ్లది ఒకేసారి చెప్పేశారు. కన్సెషన్ మూడు రకాలే: అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకు, సిబ్బంది పిల్లలకు, నిజంగా కష్టంలో ఉన్న ఇంటికి. మూడోదాన్ని మేడమ్ గారు ఒక్కరే ఇవ్వకుండా ఇద్దరు టీచర్లతో కలిసి కూర్చుని ఇవ్వాలి. పాత కన్సెషన్లను ఒక్క దెబ్బకు తీసేస్తే ఆ ఏడున్నర వేల తేడాకే పిల్లలు వెళ్లిపోతారు. అందుకే మూడేళ్లలో కొంచెం కొంచెంగా సరిచేయమన్నాను. 13,500 కట్టేవాళ్లలో కొందరు అరిచారు, వెళ్లారు. 2023-24లో సంఖ్య 498కి పడింది. కరస్పాండెంట్‌కు ఆ జూన్, జూలై నెలల్లో నిద్ర లేదు.

ఇక క్యాలెండర్. పాత రసీదు పుస్తకాలు తీసి ఏ ఇంటివాళ్లు ఏ నెలలో కట్టారో అకౌంటెంట్‌తో రాయించాం. ఆ బడి పిల్లల్లో మూడో వంతు ఇళ్లు మిర్చి యార్డు మీద ఆధారపడినవే. గుమాస్తాలు, హమాలీలు, చిన్న కమిషన్ కొట్ల వాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో చేసేవాళ్లు, తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు, ప్రత్తిపాడు, వట్టిచెరుకూరు వైపు రైతులు. వాళ్ల రసీదులన్నీ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లోనే ఉన్నాయి. సరుకు జోరుగా వచ్చేది ఆ నెలల్లోనే, మే వస్తే యార్డుకు సెలవులు. బడి టర్ములేమో జూన్, అక్టోబరు, జనవరి. కాగితం మీద జూన్‌లో రావలసిన డబ్బు ఆ ఇళ్ల నుంచి ఏ ఏడూ జూన్‌లో రాలేదు. దాన్ని బాకీ అని పిలిచి తగాదా పెట్టుకోవడం తప్ప బడి సాధించింది లేదు.

మూడు పద్ధతులు పెట్టాం. జీతగాళ్లకు, ఆటోవాళ్లకు నెలనెలా, పది వాయిదాలు. కావాలన్నవాళ్లకు పాత మూడు టర్ములు. మూడోది సీజన్ పద్ధతి: జూన్‌లో పుస్తకాల డబ్బుతో పాటు ఫీజులో 30 శాతం, మిగతాది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. మధ్యలో ఎవరూ అడగరు, పిల్లాణ్ణి క్లాసులో నిలబెట్టరు. బడిలో రెండేళ్లు పూర్తయిన ఇళ్లకే ఇది. మొత్తం 80 మందికి మించకూడదు. ఎందుకు 80 అంటే, నెల జీతాల బిల్లు 4.6 లక్షలు. తలకు 22 వేల ఫీజులో 70 శాతం చొప్పున 80 మందిది ఆగితే 12 లక్షల పైచిలుకు, రెండున్నర నెలల జీతాలు. అంతకు మించి ఆగితే బడి తట్టుకోలేదు.

పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే అమ్మ ఒడి డబ్బుకు ముడిపెడదామని కరస్పాండెంట్ అన్నాడు, తల్లి ఖాతాలో పడుతుంది కదా అని. నేను వద్దన్నాను. ఆ డబ్బు తల్లిది, తేదీ ప్రభుత్వానిది. తర్వాత జరిగింది కూడా అదే: 2023 జూన్‌లో అమ్మ ఒడి పడింది, 2024లో ఏమీ పడలేదు, 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో పిల్లాడికి 13 వేలు చొప్పున పడింది. దాన్ని నమ్ముకుని జీతాలు రాసుకుని ఉంటే 2024లో బడి మునిగేది.

సీజన్‌లో తల్లీతండ్రీ ఇద్దరూ రాత్రి దాకా యార్డు పనుల్లోనే ఉంటారని జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రం స్టడీ పెట్టారు. నెలకు 600, గుగ్గిళ్లో ఉప్మానో పెట్టి ఏడింటిదాకా చదివిస్తారు. మిగిలేది పెద్దగా ఏం లేదు గానీ, ఆ తల్లులు రోజూ పిల్లల్ని తీసుకెళ్లడానికి గేటు దాకా వస్తున్నారు, క్లాస్ టీచరుతో రెండు మాటలు మాట్లాడుతున్నారు.

ఏం జరిగింది

ఐదు నుంచి ఆరుకు వెళ్లేటప్పుడు పోయినవాళ్లు 19 నుంచి 13కు, ఆ పై ఏడు 8కి తగ్గారు. పిల్లలు 498 నుంచి 531కి, 2025-26లో 558కి పెరిగారు. పైసా కమిషన్ లేదు, వచ్చినవాళ్లలో చాలామంది ఉన్న పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు. ట్యూషన్ ఫీజు వసూలు 76 లక్షల నుంచి 85కి, 2024-25లో 98కి చేరింది. ఇందులో ఫీజు పెంపు వల్ల వచ్చింది సగం కూడా లేదు.

2024-25 ఊరికే గడవలేదు. ఆ సీజన్‌లో మిర్చి ధర దారుణంగా పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. సీజన్ పద్ధతిలో ఉన్న 80 ఇళ్లలో ఏప్రిల్ ఆఖరుకు పూర్తిగా కట్టింది 46. ఏప్రిల్, మే జీతాలకు బస్సు డిపాజిట్ తీయాల్సి వచ్చింది. జీతం మాత్రం ఒకటో తారీఖున పడింది. మేడమ్ గారు ఆ 34 ఇళ్లకు ఫోన్ చేసి "ఎప్పటికి సర్దగలరో మీరే చెప్పండి" అన్నారు, అంతే. జూలై ఆఖరుకు 9 ఇళ్లు తప్ప అందరూ కట్టారు. ఎప్పుడో వెళ్లిపోయిన పిల్లల పాత బాకీలు 6 లక్షలు పుస్తకాల్లోంచి కొట్టేయించాను. ఆ అంకె చూసుకుని ఉన్నాయనుకోవడం తప్ప ఉపయోగం లేదు.

వేరే బడికి

ఈ కేసు చూసి సీజన్ పద్ధతి మా బడిలోనూ పెడతామన్నవాళ్లు ఉన్నారు. మీ ఇళ్లకు డబ్బు ఏ నెలలో వస్తుందో ముందు మీ రసీదు పుస్తకాల్లో చూడండి అంటాను. విజయవాడ ఆటోనగర్ పక్కన బడికి ఇది పొసగదు. షెడ్లలో పనిచేసేవాళ్లకు కూలి బట్వాడా వారానికోసారి. అక్కడ పెద్ద టర్ము ఫీజే తప్పు, చిన్న చిన్న వాయిదాలు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద ముంచిన విజయవాడ సింగ్‌నగర్ వైపు బడులకు ఏ క్యాలెండరూ సరిపోయేది కాదు. ఇళ్లలో బియ్యం, మంచాలు, టీవీలు పోయిన ఏడాది ఫీజు ఎవరు అడుగుతారు? అక్కడ రెండు నెలల జీతాలు డిపాజిట్‌లో ఉన్న బడి నిలబడుతుంది, లేనిది అప్పు చేస్తుంది.

జీతాలు పెంచడానికి ముందు కన్సెషన్ల జోలికి వెళ్లకండి అని కూడా చెబుతాను. లెక్కల సారు నిలబడ్డాడని తెలియకముందే ఫీజు సరిచేస్తానంటే తల్లిదండ్రులకు అందులో దోపిడీ తప్ప ఏమీ కనిపించదు. ఈ బడిలో ఫీజు బోర్డు అంటించిన మీటింగులోనే మే జీతం సంగతి, ఏ తరగతికి ఏ టీచరు రెండేళ్లు ఉంటారన్న సంగతి చెప్పించాను. గొడవ సగం అక్కడే తగ్గింది.

2025-26కి సీజన్ పద్ధతి అడిగినవాళ్లు 103 మంది. కరస్పాండెంట్ అందరికీ ఇచ్చేద్దామన్నాడు. ఖాళీ అయిన డిపాజిట్ మళ్లీ నిండేదాకా 80 దాటనివ్వనని మేడమ్ గారు గట్టిగా పట్టుబట్టారు. మిగిలిన 23 ఇళ్లకు నెలవారీ పద్ధతే ఇచ్చి, మొదటి వాయిదా మాత్రం ఆగస్టుకు జరిపారు.